ఇనుప కంటైనరును విత్తనపు కొట్టుగా మార్చుట

ఓడలపై సరకు మోయు ఇనుప కంటైనరు పెట్టెలు కొన్ని యేండ్లు పనిచేసిన పిమ్మట చెన్నపట్నము వంటి రేవు పట్టణములలో పాత సరకుగా విక్రయింపబడుచున్నవి. అట్టి పెట్టె నొకదానిని కొని, లారీపై తెప్పించి, సంఘమునకు విత్తనపు కొట్టుగా నిలుపుకొందుమా యను ప్రశ్న, గిడ్డంగి కట్టుటకు చాలినంత సొమ్ములేని ప్రతి సంఘమునకును కలుగదగినదే. గోడ లేపనక్కరలేదు, కప్పు వేయనక్కరలేదు. ఎలుక చొరదు, ఇనుమునకు చెద పట్టదు, తాళము గట్టిది. స్థలము మార్చవలసివచ్చినచో కొట్టునే తరలించుకొనిపోవచ్చును. ఈ గుణములన్నియు నిజములే.

అయినను కొన్న పెట్టెను కొన్నట్లే నిలిపి విత్తనము నింపుట గొప్ప నష్టమునకు దారి. ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతములలో చైత్రమాసమున పెరికిన వేరుసెనగకాయను మరల కార్తీకమున విత్తువరకు దాచుకొన్నచో, మే నెల యెండయు, అక్టోబరు నవంబరు నెలల వానలును రెండును ఆ విత్తనముపైనుండియే గడచిపోవును. వట్టి ఇనుప పెట్టె ఎండలో పొయ్యివలె కాగును. వానకాలపు రాత్రులలో లోపల చెమర్చును. మొదటి దోషముచే మొలక చచ్చును. రెండవ దోషముచే బూజు పట్టును. ఈ రెండును లోపలి పనిచేత చాలవరకు మాన్పదగినవి. ఆ పని యెట్టిదో, ఏ వరుసను చేయవలయునో సభ్యుల కెరిగించుటయే ఈ వ్యాసము నుద్దేశ్యము.

పెట్టె స్వభావము

ఈ పెట్టెలు పుట్టి డెబ్బది యేండ్లు కావచ్చినది. అమెరికా దేశమున లారీలు నడుపు వ్యాపారము చేసిన మాల్కం మెక్లీను అను నతడు 1956వ సంవత్సరము ఏప్రిలు 26వ తేదీన ‘ఐడియల్ ఎక్స్’ అను ఓడపై 58 పెట్టెలను న్యూఆర్కు రేవునుండి హ్యూస్టనునకు పంపెను. బస్తా బస్తాను కూలీలు మోసి యెక్కించు పద్ధతి అప్పటినుండి తగ్గసాగెను. 1968 మొదలు అన్ని దేశములకును ఒక్కటే కొలత యేర్పడినది. మన జిల్లాలోని కృష్ణపట్నపు రేవునందు 2012లో కంటైనర్ల టెర్మినలు ఆరంభమైనది గనుక, రోడ్డుపై వీనిని చూడనివారు మనలో అరుదు.

మన పనికి తగినది 20 అడుగుల పెట్టె. దాని లోపలి పొడవు సుమారు 19 అడుగుల 4 అంగుళములు, వెడల్పు 7 అడుగుల 8 అంగుళములు, ఎత్తు 7 అడుగుల 10 అంగుళములు. వట్టి పెట్టెయే సుమారు 2,200 కిలోలు తూగును. గోడల రేకు మందము ఒకటిన్నర మిల్లీమీటర్లకు కొంచెము మించును. ఆ రేకు మడతలు మడతలుగా నుండును. మడత లోతు దాదాపు ఒకటిన్నర అంగుళము. నేల సాధారణముగా ఒక అంగుళమునకు మించిన దళసరి ప్లైవుడ్డు. ఈ కొలతలు ముందు వచ్చు లెక్కలకు కావలయును గనుక గుర్తుంచుకొనవలయును.

కంటైనరు గదులు మనుష్యుల కుపయోగపడుట క్రొత్త గాదు. తెలంగాణమున ములుగు జిల్లాలోని బంగారుపల్లి యను అడవి పల్లెలో శాశ్వతమైన కట్టడమునకు అటవీ నిబంధన లడ్డువచ్చుటచే 2024లో కంటైనరు బడి నెలకొల్పబడినది. కాని పిల్లలు కూర్చుండు గదికి వెలుతురును, గాలియు ముఖ్యములు. విత్తనపు గదికి చల్లదనమును, పొడిదనమును ముఖ్యములు. కావున అచ్చటి యేర్పాటు నిచ్చట అట్లే అనుసరించిన చాలదు.

వేడి యెట్లు చొచ్చును?

తాటాకు పాకలోనికిని, ఇనుప రేకుల పాకలోనికిని మిట్టమధ్యాహ్నము పోయి చూచినవారికి ఈ విషయము వేరుగ చెప్పనక్కరలేదు. ఇనుము వేడిని అతివేగముగ మోసికొనిపోవు లోహము. నిలకడగ నున్న గాలి వేడిని మోయుటలో మిక్కిలి సోమరి. తాటాకు, గడ్డి, వరిపొట్టు, రంపపు పొట్టు, దూది, థర్మోకోలు మొదలగునవి వేడి నాపుటకు కారణము వానిలో చిక్కుకొని కదలలేని గాలియే.

దీనికి పూర్వపు నిదర్శన మొకటి కలదు. 1833లో అమెరికాలోని బోస్టను నుండి కలకత్తాకు ఓడలో మంచుగడ్డలు వచ్చెను. బయలుదేరినవి సుమారు 180 టన్నులు. నాలుగు నెలలు ఉష్ణదేశపు సముద్రములపై పయనించి చేరునప్పటికి సుమారు 100 టన్నులు మిగిలియుండెను. దానికి యంత్ర మేదియు లేదు. గడ్డల చుట్టును దట్టముగ పేర్చిన పొట్టు, గడ్డి వంటి వస్తువులే వానిని కాపాడినవి. చెన్నపట్నపు సముద్రతీరమున 1842లో కట్టబడిన మంచు గిడ్డంగి నేటికిని వివేకానంద భవనమను పేర నిలిచియున్నది. పొట్టుచేత మంచు నిలిచినప్పుడు విత్తనమునకు రక్ష కలుగుటలో ఆశ్చర్యమేమి?

లెక్క చూతము. వేసవి మధ్యాహ్నమున పెట్టె పైరేకు 65 డిగ్రీలకు కాగి, లోపలి గాలి 38 డిగ్రీలున్నదని భావింతము. పైకప్పు 14 చదరపు మీటర్లు. వట్టి రేకునుండి లోనికి దిగు వేడి సుమారు 2,000 వాట్లు. అనగా పెద్ద కరెంటు పొయ్యి యొకటి మధ్యాహ్నమంతయు లోపల వెలుగుచున్నట్లే. ఆ రేకుక్రింద 2 అంగుళముల రాక్‌వూలు పొర వేసినచో అది 250 వాట్లకు తగ్గును. తగ్గుదల యెనిమిదింట ఏడు వంతులు.

ఈ వేడి తగ్గింపువలన విత్తనమునకు కలుగు మేలెంత? హారింగ్టను అను అమెరికా విత్తనశాస్త్రజ్ఞుడు చూపిన సూత్రము ప్రకారము, నిలువచేసిన చోట 5 డిగ్రీల వేడి తగ్గినప్పుడెల్ల విత్తనపు ఆయువు రెట్టింపగును. గింజలోని తేమ నూటికి ఒక పాలు తగ్గినప్పుడెల్లను అట్లే రెట్టింపగును. 40 డిగ్రీల చోటునకు మారుగ 30 డిగ్రీల చోట దాచిన విత్తనము నాలుగు రెట్లు కాలము నిలుచునన్నమాట. ధ్రువీకృత విత్తనపు వేరుసెనగకు నూటికి కనీసము 70 మొలవవలయునని నియమము గలదు. దానికి దిగువనున్న విత్తనము విత్తువాడు దున్నకమునకును, ఎరువునకును, కూలికిని పూర్తిగ ఖర్చుపెట్టి బోసిపోయిన సాళ్లను పొందును.

చెమట యెట్లు పట్టును?

చల్లని నీళ్లు పోసిన చెంబు వెలుపల నీటిచుక్కలు కట్టుట మన మెరిగినదే. ఆ నీరు చెంబునుండి కారినది గాదు, గాలిలోనిది. వేడిగాలి యెక్కువ ఆవిరిని మోయగలదు; చల్లబడినప్పుడు మోయలేక విడిచిపెట్టును. ఒక ఘనమీటరు గాలి 40 డిగ్రీల వేడిలో 51 గ్రాముల వరకు నీటియావిరిని పట్టగలదు. 20 డిగ్రీలలో 17 గ్రాములే పట్టగలదు. మబ్బులేని రాత్రి ఇనుప కప్పు ఆకాశమునకు తన వేడిని విడిచి, చుట్టునున్న గాలికంటెను చల్లబడును. అప్పుడు లోపలి యావిరి రేకు నంటి, చుక్కలై బస్తాలపై రాలును. ఓడవారు దీనిని కంటైనరు వాన యందురు.

ఈ నీరు ఎక్కడిది? పెట్టెలోని గాలి 33 ఘనమీటర్లు మాత్రమే గనుక దానిలోని ఆవిరి కొలదియే. ఎక్కువ నీరు మన సరకులోనిదే. 4 టన్నుల కాయలో తేమ నూటికి 10 పాళ్లున్నచో అందు 400 కిలోల నీరున్నది. పగటి వేడికి అందులో కొంత వెలువడి రాత్రి కప్పునకు చేరును. కావున సరిగా ఆరని కాయను మేలైన పెట్టెలో నుంచినను చెడును. విత్తనపు వేరుసెనగను తేమ నూటికి 8, 9 పాళ్లకు దిగువకు ఆరబెట్టి, కాయగానే దాచవలయును. తడికాయపై పెరుగు బూజువలన అఫ్లాటాక్సిను అను విషము పుట్టును. అట్టి కాయ తిండికిని పనికిరాదు.

ఇచ్చటనే పలువురు పొరబడుదురు. గోడకు పలకలు కొట్టి, వెనుక రాక్‌వూలు నింపినంత మాత్రమున పని తీరినదనుకొందురు. ఆవిరి పలకల సందులగుండ చొరబడి, పొరను దాటి, వెనుకనున్న చల్లని ఇనుమును చేరును. అచ్చట నీరై నిలుచును. పొర తడిసిన పిమ్మట వేడి నాపదు, ఇనుము త్రుప్పుపట్టును, పైకి పలక నున్నగ కనబడుచుండుటచే రెండేండ్లవరకు ఎవరికిని తెలియదు. వేడి నాపు పొర యెంత ముఖ్యమో, ఆవిరిని ఇనుము దరికి చేరనీయకుండుట యంత ముఖ్యము.

పని చేయవలసిన వరుస

1. పెట్టెను ఎన్నుకొనుట. పట్టపగలు లోపలికి పోయి తలుపులు మూయించి చూడవలయును. వెలుతురు చుక్కలు కనబడిన చోట చిల్లులున్నవి. మీరు లోపలనున్నంతసేపు తలుపువద్ద ఒకరు నిలువవలయును. లోపల మందువాసన యున్న పెట్టె వలదు. పూర్వము మోసిన సరకేదో అడుగవలయును. పెట్టెల నేలచెక్కకు పురుగు పట్టకుండ మందు పట్టించుట వాడుక; తలుపుపైనున్న లోహపు పలకపై ఆ వివరము చెక్కబడియుండును. ఏమైనను తిండిగింజను ఆ చెక్కపై పోయరాదు. శీతల యంత్రము చెడిపోయిన రీఫరు పెట్టె దొరకినచో దాని ధరనుగూడ విచారింపుడు. అందు వేడి నాపు ఫోము పొరయు, లోపలి లోహపు పలకయు ముందే యుండును గనుక మన లోపలి పని చాలవరకు తప్పును.

2. నిలుపుట. నాలుగు మూలల క్రిందను రాతి దిమ్మెలు గట్టి, నేలకు అడుగున్నర యెత్తున, సమమట్టముగ నిలుపవలయును. మట్టము తప్పినచో తలుపులు పడవు. పొడవు తూర్పు పడమరలుగ నుండినచో ఇరుకు ముఖములకే ప్రొద్దుటి, సాయంకాలపు ఎండ తగులును. పెన్న సమీప గ్రామములవారు 2021 నవంబరు నాటి వరద నీరెంతవరకు వచ్చెనో చూచుకొని దానికి పైన స్థలము నేర్పరుపవలయును. తుపాను గాలికి కదలకుండ మూలలను దిమ్మెలకు బిగింపవలయును.

3. కోత, వెల్డింగు. గాలి కిటికీలు, లోపలినుండి తెరచుకొను చిన్న తలుపు కావలసినచో పొర వేయుటకు ముందే కోయించవలయును. మడతల గోడను కోసిన చోట బలము తగ్గును గనుక చుట్టును ఇనుప చట్రము వెల్డింగు చేయింపవలయును. మూల స్తంభములను ముట్టరాదు. పొర వేసిన తరువాత వెల్డింగు చేసినచో నిప్పంటుకొనును.

4. త్రుప్పు గీకి, రెడ్ ఆక్సైడు పూయుట. పైకప్పు వెలుపల తెల్లని రంగుగాని, చిక్కని సున్నముగాని వేయవలయును. తెలుపు ఎండను త్రిప్పికొట్టును. సున్నమును ఏటేట వేసవికి ముందు మరల పూయవలయును.

5. పైపందిరి. కప్పునకు అడుగెత్తున తాటాకు పందిరి వేసి, దక్షిణ పశ్చిమ దిక్కులకు మూడడుగులు చూరు వదలవలయును. పందిరికిని కప్పునకును నడుమ గాలి ఆడవలయును. ఖర్చు తక్కువ, మేలు ఎక్కువ యైన పని యిదియే. సొమ్ము చాలనివారు తెల్లరంగును, పందిరిని మొదటి యేటను, లోపలి పొరను రెండవ యేటను చేసికొనవచ్చును. పందిరిని తాళ్లతో గట్టిగ కట్టవలయును. గడ్డివాములకు దూరముగ నుంచవలయును.

6. వేడి నాపు పొర. గోడలకు 2 అంగుళములు, కప్పునకు 3 అంగుళములు మంచిది. రేకు మడతలలో ఖాళీ మిగులరాదు. ముక్కలు కోసి మొదట మడతలను నింపి, పిమ్మట పలకలను ఆనించి పెట్టవలయును.

7. ఆవిరి నడ్డు పొర. దళసరి పాలిథీను గుడ్డను, 800 గేజికి తక్కువ గానిదానిని, లోపలివైపున ఏకముగ పరచి, అతుకులను ఆరంగుళములు ఒకదానిపై నొకటి వేసి టేపుతో అంటింపవలయును.

8. లోపలి పలక. అరంగుళపు సిమెంటు ఫైబరు బోర్డు కర్రపట్టెలపై బిగించి, సందులు పూడ్చి, సున్నము వేయవలయును. తెల్లని గోడపై పురుగు కనబడును. నేలపై నున్నని క్రొత్త బోర్డు పరచి, దానిపై కర్రపలకలుంచి, బస్తాలను గోడకు అడుగు దూరమున పేర్చవలయును.

వస్తువుల తారతమ్యము

రాక్‌వూలు నిప్పంటదు, ఎలుక తినదు, తడిసినచో చెడును. దాని నూగు చర్మమునకును, ఊపిరికిని కీడు గనుక ముక్కునకు గుడ్డ, చేతులకు తొడుగులు కావలయును. పిచికారీ చేయు పాలియురెథేను ఫోము మడతలలోనికి తానే చొచ్చి ఇనుమునకు అంటుకొనును. ఆవిరికి సందు దొరకనీయదు. అదే మందమునకు మిగిలినవానికంటె యెక్కువ వేడి నాపును. ధర హెచ్చు. థర్మోకోలు చౌక. కాని ఫోమును, థర్మోకోలును రెండును మండునవే. వాని పొగ ప్రాణాంతకము. వానిని సిమెంటు బోర్డుతో పూర్తిగ కప్పక విడువరాదు.

వరిపొట్టు మన మిల్లులలో సులభముగ దొరకును. రాక్‌వూలు 2 అంగుళములు చేయు పనికి పొట్టు 3 అంగుళములు కావలయును. నూకలు లేకుండ చెరిగి, బాగుగ ఎండబెట్టి, గోడ పట్టెల నడుమ కూరవచ్చును. అది క్రమముగ క్రిందికి దిగి పైన ఖాళీ చేయును గనుక ఏటేట పైనుండి నింపుటకు సందుంచవలయును. కప్పునకు పొట్టు తగదు. చెమ్మ తగిలిన పొట్టు పురుగునకు నెలవగును.

కొలతల లెక్క యిది: కప్పు 150 చదరపు అడుగులు, పొడవు గోడలు రెండును 304, ఇరుకు ముఖములు రెండును 121. మొత్తము 575 చదరపు అడుగులు. కోతలో పోవుదానికి పదింట ఒక వంతు చేర్చి 630 చదరపు అడుగుల పొరయు, 8 అడుగులు పొడవు 4 అడుగులు వెడల్పు గల బోర్డులు 20యు కొనవలయును. ఈ లెక్కతో రెండు మూడు అంగళ్లలో ధర విచారించి, దానిని పెట్టె ధరకును, లారీ బాడుగకును చేర్చి, అదే విస్తీర్ణము గల ఇటుక గదితో పోల్చి చూచిన పిమ్మటనే సంఘము తీర్మానింపవలయును. పెట్టె ధర నొక్కదానినే చూచి చౌకయని భ్రమపడరాదు.

వాడుకలో జాగ్రత్తలు

పొర వేడి నాపును గాని చలువ పుట్టింపదు. ఎండలో కాగిన కాయను వెంటనే లోపల పేర్చినచో ఆ వేడియు లోపలనే నిలుచును. కాయను ఒక రాత్రి నీడన ఆరనిచ్చి తెల్లవారుజామున నింపవలయును. కాయ ఆరినదో లేదో యనుటకు తేమ కొలుచు యంత్రము మేలు. అది లేనిచో కాయను ఒలిచి, పొడి సీసాలో పప్పును, ఎండిన ఉప్పును వేసి కొంతసేపు కుదుపవలయును. ఉప్పు సీసాకు అంటినచో తేమ చాల యున్నదని యర్థము; అంటకున్నను 9 పాళ్లకు దిగినదని దానివలన తేలదు గనుక ఇంకను ఆరబెట్టుటయే క్షేమము.

ఒక ప్రక్క క్రిందను, ఎదుటి ప్రక్క పైనను గాలి కిటికీలు పెట్టి, పావు అంగుళపు సందు గల ఇనుప వలయు, బిగువైన మూతయు అమర్చవలయును. వెలుపలి గాలి లోపలిదానికంటె చల్లగను, పొడిగను ఉన్నప్పుడే మూత తీయవలయును. వేసవి రాత్రులందు అట్టి సమయము దొరకును. వానపట్టిన దినములలో మూసి యుంచవలయును. వేడిని, గాలిలోని చెమ్మను చూపు చిన్న యంత్రమును లోపల వ్రేలాడదీసి, ఉదయ సాయంకాలములు పుస్తకమున వ్రాయుట గుమాస్తాకు కష్టము గాదు.

నిమ్మకాయలను, కూరగాయలను ఇట్టి పెట్టెలో దాచరాదు. అవి ప్రాణముగల సరకు. ఊపిరి విడుచుచు వేడిని, ఆవిరిని పుట్టించును. వానికి శీతల యంత్రము కావలయును. యూరియాను, పురుగు మందులను విత్తనముతో నుంచరాదు. యూరియా చెమ్మను పీల్చి ఇనుమును తినివేయును. మందుల ఆవిరి మూసిన గదిలో నిలిచిపోవును.

ప్రాణములకు సంబంధించినవి మూడు విషయములు. మొదటిది: ఈ పెట్టెల తలుపు వెలుపలనుండియే పడును. లోపలనుండి తెరచుకొను గడియ లేకుండ వాడరాదు. పిల్లలను దరికి రానీయరాదు. రెండవది: కరెంటు తీగ రేకునకు తగిలినచో పెట్టె అంతయు షాకు కొట్టును. ఎర్తింగును, కరెంటు కారినంతనే ఆపివేయు బ్రేకరును లేకుండ దీపము పెట్టరాదు. మూడవది: పురుగు చంపుటకు వాడు అల్యూమినియం ఫాస్ఫైడు బిళ్లల పొగ మనుష్యులను గూడ చంపును. ప్రభుత్వ అనుమతి గలవారిచేతనే వేయించి, వారు చెప్పిన దినములు గడచి, తలుపులు తెరచి గాలి యాడిన పిమ్మటనే లోనికి పోవలయును. కావలివాడు ఆ పెట్టెలో గాని, దాని నానుకొని గాని ఎన్నడును నిద్రింపరాదు.

పని ముగిసినదని మేస్త్రీ చెప్పినంతనే విత్తనము నింపవలదు. ఖాళీ పెట్టెను మూడు దినములు మూసి, మధ్యాహ్నము రెండు గంటలకును, తెల్లవారుజామునను లోపలి వేడిని వ్రాసికొనుడు. మధ్యాహ్నము లోపలి వేడి వెలుపలి నీడలోని వేడికి మించినచో పందిరినో, పొరనో సవరింపవలసియున్నది. మించకున్నచో మొదటి యేట కొలది బస్తాలు మాత్రమే యుంచి, నెల కొకమారు నూరు గింజలు తడిగుడ్డలో మొలకెత్తించి, ఆ లెక్కను సభ్యులందరు చూచునట్లు సంఘపు బల్లపై వ్రాయుడు. ఆ సంఖ్య నిలుకడగ నున్నప్పుడే మిగిలినవారి విత్తనమును చేర్చుకొనుట న్యాయము.